చచ్చిన జలగల సాక్ష్యం

కుంభగిరి కోట తూర్పు వాకిలి ఏడు నిలువుల ఎత్తు. తలుపుల మీద ఇత్తడి సింహాలు, ఆ సింహాల నోళ్లలో వెండి గంటలు, పైన పచ్చలు పొదిగిన తోరణం, తోరణం మీద పడి ముక్కలు ముక్కలయ్యే ఉదయపుటెండ. ఎంత గొప్ప రాజ్యపు రాయబారి అయినా ఆ వాకిలి ముందు నోరు తెరుచుకుని కాసేపు నిలబడిపోవలసినవాడే. అటువంటి వాకిలికి ఆరు నెలలుగా వేపమండలు వేలాడుతున్నాయి. గుమ్మానికి అడ్డంగా సున్నపు గీత, గీత పొడుగునా చల్లిన ఆవాలు, పక్కన ఎర్రనీళ్ల పళ్లెం. వాకిలి అందం చూసే తీరిక ఇప్పుడు ఎవరికీ లేదు. లోపల మహారాజు భద్రసేనుడు మంచం పట్టాడు.

రోగం ఎందుకు వచ్చిందంటే తలకొక మాట. వంటశాలవాళ్లు గాలి సోకిందన్నారు. మావటివాళ్లు విజయదశమి ఊరేగింపులో దిష్టి తగిలిందన్నారు. ముసలి వైద్యులు వాతపిత్తకఫాలు మూడూ జుట్టూ జుట్టూ పట్టుకున్నాయన్నారు. వీళ్లెవరి మాటా నెగ్గలేదు. ఎక్కడినుంచో ఊడిపడ్డ ధూమకంఠుడనే మాంత్రికుడి మాట నెగ్గింది. మూలా నక్షత్రంలో పుట్టిన కొడుకు తండ్రి నీడను తొక్కాడనీ, తొక్కినచోట నీడ చిరిగిందనీ, ఆ చిరుగులోంచి భూతం దూరిందనీ అతను చెప్పాడు. చెప్పిన తీరు ఎలాంటిదో గాని సభంతా తలూపింది. మహారాజు ఒక్కగానొక్క కొడుకు మణిసేనుణ్ణి మూడు నదుల అవతలికి వెళ్లగొట్టారు. తిరిగి కోటలో అడుగుపెడితే తల తీయమని శాసనం రాశారు. దాని మీద వణికే చేత్తో మహారాజే ముద్ర వేశాడు. అంతటితో ఆగారా, ముందుజాగ్రత్త కొద్దీ మూలలో పుట్టిన మగవాళ్లందర్నీ ఊరు దాటించారు.

అందుకే వాకిట్లో కావలివాడు వచ్చిన ప్రతివాణ్ణీ ఒకే ప్రశ్న అడుగుతున్నాడు.

"ఏ నక్షత్రం?"

"రోహిణి," అన్నాడు కుండలు మోసుకొచ్చిన యువకుడు.

కావలివాడు నిట్టూర్చాడు. "పొద్దుటినుంచీ నువ్వు ముప్పయ్యో రోహిణివి. ఈ రాజ్యంలో తక్కిన నక్షత్రాలన్నిట్లోనూ ఆడపిల్లలే పుట్టారు కాబోలు. పేరేంటి?"

"పోలడు."

"చేతులకు ఆ మట్టేంట్రా?"

యువకుడు బదులు చెప్పేలోగా ముందు నడుస్తున్న ముసలమ్మ వెనక్కి తిరిగింది. "జలగల కుండ మోసేవోడికి మట్టిపూత లేకపోతే జలగలు వాణ్ణే తినేస్తాయి నాయనా. పసుపు, వేపపిండి, ఒండ్రుమట్టి. నువ్వూ పూసుకుంటానంటే ఈ కుండ నీ నెత్తిన పెడతా."

కావలివాడు రెండడుగులు వెనక్కి వేసి దారి వదిలాడు.

ఆ ముసలమ్మ జలగల మాచమ్మ. సరిహద్దు తామరకొలనుల్లో మోకాలి లోతున నిలబడి, మొదట్లో తన కాళ్లకే జలగల్ని పట్టించుకుని, వాటిని పెంచి, నలభై ఏళ్లుగా నాలుగు సీమల రోగుల చెడునెత్తురు తీసిన మనిషి. ఇక పోలడంటారా, వాడు పోలడూ కాదు, రోహిణీ కాదు. భుజాల దాకా పట్టించిన ఆ మట్టికింద రెండు ముంజేతుల మీదా మూడేసి వాతలున్నాయి. మూడేళ్ల వయసులో యువరాజు మణిసేనుడికి మూర్ఛ వస్తే బంగారు కడ్డీ కాల్చి పెట్టిన వాతలవి. మూర్ఛ వాతలకే పోయిందో, దానంతటదే పోయిందో ఎవరికి తెలుసు. మచ్చలు మాత్రం ఉండిపోయాయి. ఆరు నెలల గడ్డం, పూసుకున్న మసి ముఖాన్ని దాచినా, కోటలో ఆ మచ్చల్ని ఎరగనివాడు లేడు. మట్టి కడిగితే తల పోతుంది. అయినా తండ్రి ఇక దక్కడన్న కబురు విన్నాక అతనికి మూడు నదుల అవతల కాళ్లు నిలవలేదు.

కబురుతోపాటే మరో వింత కూడా అతని చెవిన పడింది. మహారాజు కాళ్లు వాచాయని, నల్లబడిన నెత్తురు తీయాలని ధూమకంఠుడు మూడు ఊళ్ల జలగలవాళ్లను పిలిపించాడట. వేసిన జలగ వేసినట్టే చచ్చిందట. చచ్చిన జలగంటే భూతం ముక్క బయటికొచ్చినట్టేనని మాంత్రికుడు బురుజు మీద డప్పులు కొట్టించి, దాన్ని కందకంలో పారేయించాడట. జనం కూడా డప్పు మోగినప్పుడల్లా సంబరపడి, ఇవాళ మహారాజుకు మరో వీసమెత్తు పీడ వదిలిందని ఇళ్లముందు ముగ్గులేశారు. అలా పదిహేడు జలగలు కందకంలో పడ్డాయి. మహారాజు మాత్రం లేవలేదు.

కోటకు వస్తూ దారిలో ఆగి మణిసేనుడు ఈ సంగతి చెప్పినప్పుడు మాచమ్మ కొలను గట్టున కూర్చుని తామరతూళ్లు తుంచుతోంది. చేస్తున్న పని ఆపేసింది. "పదిహేడు సచ్చినాయా? సంబరపడ్డారా? ఎందుకు సచ్చినాయని ఒక్కడన్నా అడిగాడా?" అంది. ఎవరూ అడగలేదని అతను చెప్పాడు. ఆమె లేచి చీర కుచ్చెళ్లు దులుపుకుంది. "అయితే నేనడుగుతా. కుండెత్తు బాబూ," అంది. పదిహేడు జలగల కోసం కోట మీదికి పోయే మనిషిని మణిసేనుడు అంతకుముందు చూడలేదు.

మహారాజు పడకటిల్లు ఒకప్పుడు దేవేంద్రుడి ఇల్లులా ఉండేది. చందనపు స్తంభాలు, నెమలికంఠం రంగు తెరలు, గోడ నిండా క్షీరసాగర మథనం చిత్రం. ఇప్పుడు మధ్యలో నిప్పుల కుంపటి, దాంట్లో గుగ్గిలం, వేపాకు, ఆవాలు. ఆరు నెలల పొగకు గోడ మీది దేవతల ముఖాలు మసిబారిపోయాయి. హాలాహలం మింగుతున్న శివుడొక్కడు మాత్రం పొగలోంచి కనిపిస్తున్నాడు. గదిలో ఉన్న ప్రతివాడి మెడలోనూ ధూమకంఠుడు కట్టిన రాగి రక్షరేకు వేలాడుతోంది.

మణిసేనుడు మంచం మీద తండ్రిని చూశాడు. ఒంటిచేత్తో ఏనుగు దంతం వంచిన ఆ మనిషి తల దిండులో ఎక్కడుందో ఇప్పుడు వెతుక్కోవాల్సివచ్చింది. నోరు జారి పిలుస్తానేమోనని కుండ అంచు గట్టిగా పట్టుకున్నాడు.

ధూమకంఠుడు మంచం పక్కన పులితోలు మీద కూర్చుని ఉన్నాడు. బలిష్ఠమైన దేహం, బొగ్గులాంటి కళ్లు, ఎప్పుడూ ఒకవైపు ఉబ్బెత్తుగా కదులుతూ ఉండే బుగ్గ. నోట్లో మంత్రం నములుతున్నాడని జనం చెప్పుకుంటారు. అతని చేతిలో బంగారు గిన్నె ఉంది. దాంట్లోదే భూతభంజనమనే మందు.

ఇక్కడ కుంభగిరి ఆచారం ఒకటి చెప్పాలి. రాజుకు చికిత్స చేస్తానన్నవాడు ప్రతి మందులోనూ సగం ముందు తాను తాగి, మిగతా సగం రాజుకు పట్టాలి. దాన్ని సగపాలు అంటారు. ఒకే గిన్నెలో ఇద్దరూ తాగాక రాజు రోగం ఆ వైద్యుడిది. రాజు లేచేదాకా అతని మీద ఎవరూ కత్తి ఎత్తకూడదు. రాజు పోతే ఆ కత్తే అతని మెడమీద పడుతుంది. సగపాలు వద్దన్న మరుక్షణం అతను వైద్యుడు కాడు. ధూమకంఠుడు ఆరు నెలలుగా పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అందరి ఎదుటా సగం గిన్నె గటగటా తాగుతున్నాడు. ఇనుపగుండులా ఉన్నాడు. ఇక అతన్ని శంకించేదెవరు?

ఆ పొద్దుటి సగపాలు అయిపోయింది. "కానియ్," అన్నాడు ధూమకంఠుడు మాచమ్మతో.

మాచమ్మ పని మొదలుపెట్టింది. మణిసేనుడు యుద్ధాలు చూశాడు, విలువిద్యలో ఆరితేరిన గురువుల్ని చూశాడు. ఇంత నిదానం, ఇంత నేర్పు ఎక్కడా చూడలేదు. మొదట జలగను పసుపునీళ్లలో వదిలి, అది చురుగ్గా మూడు చుట్లు ఈదేదాకా ఆగింది. మహారాజు పాదం కడిగి, వాచినచోట ఒక్క పాలచుక్క అద్దింది. జలగ ఆ చుక్కను వాసన చూసి, మెడ గుర్రపుడెక్కలా వంచి పట్టుకుంది. వెంటనే దాని మీద తడిగుడ్డ కప్పింది, పసిబిడ్డకు దుప్పటి కప్పినట్టు. గుడ్డ సర్దే నెపంతో మహారాజు చేతివేళ్లు పట్టి చూసి, కుండ అందుకుంటూ మణిసేనుడి చెవిలో చిన్నగా అంది. "గోళ్లు సూశావా? అడ్డంగా తెల్లగీతలు. పాషాణం తిన్నోళ్ల గోళ్లు. మద్దినేళ గిన్నె కూడా పడిందంటే ఇంక మనిషి దక్కడు."

మధ్యాహ్నానికి ఇంకా మూడు గడియలుంది.

అంతలో తడిగుడ్డ కదలడం మానేసింది. మాచమ్మ గుడ్డ తీసింది. జలగ ఊడి పక్కన పడి ఉంది, సగం కూడా ఉబ్బలేదు, చచ్చిపోయింది. గదిలో ఉన్నవాళ్లు చేతులు జోడించారు. బురుజు కిటికీ దగ్గర డప్పులవాడు కర్రలెత్తాడు.

"ఆగు నాయనా," అంది మాచమ్మ. "సచ్చిందాన్ని సూసి డప్పెందుకు?"

"చచ్చింది భూతం ముక్క," అన్నాడు ధూమకంఠుడు.

"సచ్చింది నా జలగ సామీ. సెడ్డ నెత్తురు తాగి జలగ సావదు. అది దాని కూడు. కుష్ఠోళ్ల పుండ్ల మీద ఏశా. గాలి సోకినోళ్ల మీద ఏశా. దెయ్యం పట్టిందని గొలుసులేసినోళ్ల మీదా ఏశా. అన్నీ బలిసి బొద్దుగా తిరిగొచ్చినాయి. దెయ్యాన్ని తిని సచ్చిన జలగని నేనింతవరకూ సూళ్లేదు."

"ఇది నీ ఊరి దెయ్యం కాదు ముసలీ."

మాచమ్మ అతనితో వాదం పెట్టుకోలేదు. మంచం కాళ్లవైపు నిలబడ్డ దండనాయకుడు రేచనవైపు తిరిగింది. రేచన నెరిసిన మీసాల మనిషి. శాసనం తప్ప చుట్టమూ పక్కమూ లేనివాడని పేరు. "దొరా, సగపాలు గిన్నెకేనా, జలగకు కూడానా?"

రేచన ధూమకంఠుడివైపు తిరిగాడు. "రాజు ఒంటికి చేసే ప్రతి చికిత్సకూ సగపాలు ఉంది. పదిహేడుసార్లు అడగకపోవడం మా పొరపాటే. స్వామీ, చెయ్యి చాపండి."

వద్దంటే వైద్యుడు కాడు. ధూమకంఠుడు నవ్వుతూ చెయ్యి చాపాడు. మాచమ్మ రెండో జలగను వేసింది. మహారాజు మీద మొదటిది పాతిక లెక్కపెట్టేదాకా బతికితే, మాంత్రికుడి మీద ఇది పది కూడా బతకలేదు. గదిలో గుసగుసలు లేచాయి. ధూమకంఠుడు లేచి నిలబడి, చచ్చిన జలగను అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపించాడు.

"చూశారు కదా. మీ మహారాజు ఒంట్లోని భూతాన్ని సగం నేను నా ఒంట్లోకి లాక్కున్నాను. సగం గిన్నె తాగుతున్నది మరి దేనికనుకున్నారు?"

ఆ మాటకు ముసలి మంత్రి ఒకాయన కళ్లనీళ్లు పెట్టుకుని అతని పాదాలు తాకాడు. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం మణిసేనుడు కూడా నమ్మాడు. చిన్నప్పటినుంచీ అలాంటి మాటలే వింటూ పెరిగినవాడు మరి.

మాచమ్మ మాత్రం తాపీగా చెయ్యి తుడుచుకుంది. "అయితే బూతం మీ ఇద్దరిలోనే ఉందా సామీ, ఇంకెవరికన్నా సోకిందా?"

గెలుపు తలకెక్కినవాడు ఒక మాట ఎక్కువే మాట్లాడతాడు. "ఈ గది నిండా దాని ఊపిరే. నా రక్షరేకు లేకుండా ఈ గడప దాటినవాడి నెత్తురు క్షణంలో విషమవుతుంది. అలాంటివాడి మీద వేస్తే ఏ జలగైనా చస్తుంది."

"రేకు లేనోళ్లం ఇక్కడ ఇద్దరమే. నేనూ, నా కుండలోడూ." మాచమ్మ తన ముంజేతి మీద మూడో జలగను పెట్టింది. అది ఇటూ అటూ తల తిప్పి, మూతి ముడుచుకుని, జారి కిందపడింది. "సూశారా, నలభై ఏళ్ల పసుపు నా ఒంట్లో ఇంకిపోయింది. నా జలగలు నన్ను ముట్టవు."

"అయితే వాడి మీద వెయ్యి," అన్నాడు ధూమకంఠుడు.

మాచమ్మ మణిసేనుడివైపు చూడకుండానే కుండలు సర్దడం మొదలుపెట్టింది. "ఒద్దులే దొరా. వాడు కూలోడు. రేపు ఊళ్లోంచి ఇంకెవర్నన్నా తెస్తా."

"రేపా?" ధూమకంఠుడు నవ్వాడు. "ఓడిపోయానని చెప్పడానికి రేపటిదాకా ఎందుకు?"

మణిసేనుడు తండ్రి గోళ్లవైపు చూశాడు. మధ్యాహ్నం గిన్నె అప్పటికే పక్కబల్ల మీద మూత వేసి సిద్ధంగా ఉంది. అతను కుండ దించి, నీళ్లచెంబు తీసుకుని, వంగి తన కుడిచేతి మీద పోసుకున్నాడు.

"ఒరే పోలా," అంది మాచమ్మ.

మట్టి పాయలు పాయలుగా జారి పాలరాతి నేల మీద పడింది. ముంజేతి మీద మూడు వాతలు, ఒకదానికింద ఒకటి, వెండితీగల్లా బయటపడ్డాయి. అందరికంటే ముందు రేచన చూశాడు. అతని చెయ్యి కత్తిపిడి మీదికి వెళ్లింది.

"మూల!" అని అరిచాడు ధూమకంఠుడు. "తల తీయండి. జలగలు చస్తున్నది వీడు ఈ గదిలో ఉన్నందుకే."

రేచన కత్తి సగం దూసి ఆపాడు. "పదిహేడు చచ్చినప్పుడు యువరాజు మూడు నదుల అవతల ఉన్నాడు స్వామీ. ముందు జలగ. ఆ తర్వాత శాసనం." ఆ ఒక్క మాటకు మణిసేనుడు ఆ మనిషికి మనసులో దణ్ణం పెట్టుకున్నాడు, ఆ తర్వాత తీయబోయేది తన తలే అయినా.

మాచమ్మ జలగను అతని మచ్చల పక్కన వదిలింది. చురుక్కుమంది. జలగ మెడ వంచింది, తాగింది. పాతిక లెక్క దాటింది. యాభై దాటింది. వంద దాటింది. ముసలి మంత్రి పైకే లెక్కపెడుతున్నాడు. జలగ నల్లద్రాక్షలా ఉబ్బి, తనంతట తానే ఊడి మాచమ్మ అరచేతిలో పడింది. దాన్ని నీళ్లలో వదిలితే, మత్తుగా ఒక చుట్టు తిరిగి, మరో చుట్టు తిరిగి, కుండ అంచుకు పాకింది.

"గిన్నె తాగిన ఇద్దరి నెత్తురుకీ సచ్చింది," అంది మాచమ్మ. "తాగనోడి నెత్తురుకి బతికింది. రేకు లేదు, మంత్రం లేదు, మూలా నచ్చత్రం. అయినా బతికింది. దొరా, బూతం మారాజు ఒంట్లో లేదు. ఆ గిన్నెలో ఉంది. పాషాణం."

"తాగిన స్వామి ఎందుకు చావలేదు?" అన్నాడు మంత్రి.

"సిన్నప్పటినుంచీ ఆవగింజంత, ఆవగింజంత తిని అలవాటు చేసుకున్నోడికి పాషాణం అన్నంతో సమానం. అదీగాక ఆ బుగ్గలో ఏంటో..."

ఆమె మాట పూర్తికాలేదు. ధూమకంఠుడు నడుం సంచిలోని పొడి గుప్పెడు తీసి కుంపటిలో కొట్టాడు. ఊదారంగు పొగ గుప్పున లేచింది. దీపస్తంభం ఒకటి కూలింది. ఎవడో ఎవణ్ణో తొక్కాడు. మణిసేనుడు శ్వాస బిగించి తండ్రి మంచానికి అడ్డం పడ్డాడు. మాచమ్మ పొగలో నీడను చూసి, చేతికందిన ఖాళీ కుండ గురిచూసి విసిరింది. కుండ ఠాప్‌మని ధూమకంఠుడి దవడకు తగిలింది. కిటికీ రెక్కలు విరిగిన చప్పుడు, కింద గుర్రపు సకిలింపు, డెక్కల మోత. పొగ విడేసరికి ధూమకంఠుడు లేడు. కిటికీ కింద గుర్రం ముందే జీను వేసి సిద్ధంగా ఉందని అక్కడి కావలివాడొకడు తర్వాత చెప్పాడు. దాన్ని సిద్ధం చేసిన చెయ్యి ఎవరిదో ఆ క్షణాన ఆలోచించే తీరిక ఎవరికీ లేదు.

నేల మీద మాచమ్మ మోకాళ్లూని ఏదో వెతుకుతోంది. దొరికింది. కుండ దెబ్బకు మాంత్రికుడి నోట్లోంచి ఊడిపడ్డ, నమిలి నమిలి పీచుగా మారిన వేరు ముక్క, బొటనవేలంత. వాసన చూసి, నాలుక కొసకు ఆనించి చూసి, ఆ ముసలిది చిన్నపిల్లలా నవ్వింది. "మంత్రం కాదు బాబూ. నిర్విషి ఏరు. పాషాణానికి విరుగుడు. గిన్నె తాగుతా, ఇది నములుతా బతికాడు." గంజి తెప్పించి, వేరు కడిగి, ఒక్క రవ్వ మాత్రం గీరి దాంట్లో కలిపింది.

రేచన కత్తి ఇప్పుడు పూర్తిగా బయటికొచ్చింది. అతని కళ్లు ఎర్రబడ్డాయి. "యువరాజా, తమరు చేసిన పనికి నేను జీవితాంతం ఋణపడ్డాను. కాని శాసనం మీద మహారాజు ముద్ర ఉంది. దాన్ని చెరపడం నా చేతిలో లేదు, మహారాజే లేచి కొలువులో చెరపాలి."

"తెలిసే కడిగాను రేచనా," అన్నాడు మణిసేనుడు. "ముందు నాన్నగారి చేత ఆ గంజి తాగించనివ్వండి."

సగపాలు తనదే కాబట్టి మాచమ్మ గిన్నె నోటిదాకా ఎత్తింది. అప్పుడు మంచం మీదినుంచి ఒక చెయ్యి లేచింది. ఎముకా చర్మమూ తప్ప మరేమీ లేని ఆ చెయ్యి గాలిలో వణుకుతూ గిన్నెను ఆపింది.

"నువ్వు కాదమ్మా," అన్నాడు మహారాజు. అతని గొంతు విని నెలదాటింది. "వాడు తాగాలి."

మణిసేనుడు మంచం పక్కన మోకరిల్లాడు. మహారాజు వేళ్లు కొడుకు ముంజేతి మచ్చల్ని తడుముకుంటూ వెళ్లాయి. "ఈ వాతలు పెట్టిననాడు నిన్ను ఒళ్లో పట్టుకున్నది నేనే. నువ్వు ఏడవలేదు, నేనే ఏడ్చాను. నీకు రోగం వస్తే నిన్ను కాల్చారు. నాకు రోగం వస్తే మళ్లీ నిన్నే కాల్చాను. తాగు నాయనా. సగం నువ్వు, సగం నేను."

మణిసేనుడికి గిన్నె కనిపించలేదు, కళ్లు అంతగా నిండిపోయాయి. సగం తాగాడు. మిగతా సగం తండ్రి పెదవులకు పట్టాడు. చుక్క కారకుండా మహారాజు తాగాడు.

రేచన ఆ గిన్నె చేతిలోకి తీసుకుని, అడుగుదాకా చూసి, అందరికీ వినపడేలా చెప్పాడు. "ఒకే గిన్నె, ఇద్దరూ తాగారు. మహారాజు రోగం ఈ క్షణంనుంచి యువరాజుది. మహారాజు లేచేదాకా ఈ వైద్యుడి మీద కత్తి లేవదు." కత్తి ఒరలోకి వెళ్లింది. ఆ తర్వాత దండనాయకుడు గోడవైపు తిరిగి ఉత్తరీయంతో ముఖం తుడుచుకున్నాడు.

"లేవకపోతే?" అన్నాడు మంత్రి భయంగా.

"లేవకపోతే నా తల ఉండనే ఉంది," అన్నాడు మణిసేనుడు.

మాచమ్మ వేరు ముక్కను గుడ్డలో కట్టింది. "రోజుకో రవ్వ. ఎంత పొదుపు సేసినా తొమ్మిది రోజులు. ఎముకలకు పట్టిన పాషాణం దిగాలంటే గంపెడు ఏరు కావాలి. అది నాగశృంగం కొండ మీద తప్ప మొలవదు. మూడు నదుల అవతల. ఆ పాపిష్టోడు పరిగెత్తింది కూడా అక్కడికే. వాడికి కూడా బుగ్గ ఖాళీ అయిందిగా. వాడు ముందుగా సేరాడంటే మనకు ఒక్క ఏరన్నా మిగలనివ్వడు."

రేచన గొంతు సవరించుకున్నాడు. "శాసనం ప్రకారం యువరాజు మూడు నదులు దాటి వెళ్లాలి. వెళ్లమనండి. తిరిగి రావడం సంగతంటారా, అది వైద్యుడిగా ఆయన హక్కు."

అంతే, మణిసేనుడు తండ్రి పాదాలు కళ్లకద్దుకుని లేచాడు. అశ్వశాలలోంచి మెరుపులాంటి బూడిదరంగు గుర్రం వచ్చింది. మాచమ్మ దాని జీనుకు చిన్న కుండ ఒకటి కట్టింది. దాంట్లో అతని నెత్తురు తాగి బతికిన జలగ ఉంది. "దారిలో ఎవరేం పెట్టినా ఊరికే తాగబాకు. ముందు రెండు సుక్కలు దీనికి పొయ్యి. ఇది ఈదుతా ఉంటేనే నువ్వు తాగు. నువ్వొచ్చేదాకా నీ వంతు సగపాలు నేను తాగుతా," అంది. యువరాజు ఆ మట్టిచేతుల మనిషికి వంగి నమస్కరించాడు. గురువులకు తప్ప అతను ఎవరికీ అలా వంగలేదు.

గుర్రం మెట్లు దిగి, మండపాలు దాటి, తూర్పు వాకిట్లోకి బాణంలా దూసుకొచ్చింది. కావలివాడికి లోపల జరిగినదేదీ తెలియదు. పక్కకు దూకుతూ అలవాటుగా అడిగేశాడు.

"ఏ నక్షత్రం?"

"మూల," అన్నాడు మణిసేనుడు. కోటగోడలు వినేలా అన్నాడు.

కావలివాడి చేతిలోని ఎర్రనీళ్ల పళ్లెం జారిపడింది. గుర్రం సున్నపు గీతనూ ఆవాలనూ తొక్కుకుంటూ బయటపడింది. వెనక బురుజు మీద డప్పు మొదలైంది, ఆరు నెలల్లో మొదటిసారి బతికిన జలగ కోసం. ఎదురుగా మొదటి నది ఎండలో మెరుస్తోంది. దాని రేవులో ఉండే ఒక్కగానొక్క పడవ అప్పటికే నడినీళ్లలో ఉంది. పడవలో నల్లటి ఆకారం ఒకటి లేచి నిలబడి, పడవను ఈ ఒడ్డుకు లాగే తాడు కోసి నీళ్లలో పడేసింది. మణిసేనుడు జలగ కుండను ఎత్తి మెడకు కట్టుకుని, గుర్రాన్ని ఆపకుండా నదిలోకి దింపాడు.